పర్సనాలిటీ టెస్టు రాశాక అసలు పని: స్కోరు పక్కన సంఘటన రాసుకునే పద్ధతి

ఆరేళ్ల కిందట మా ఆఫీసులో ఒక పూట వర్క్‌షాప్ పెట్టారు. తలా ఒక ప్రశ్నాపత్రం ఇచ్చి, అరగంటలో నింపించి, సాయంత్రానికల్లా ఒక్కొక్కరి చేతిలో నాలుగు అక్షరాల ఫలితం పెట్టారు. నాకు వచ్చిన వాటిలో మొదటి అక్షరం ఐ, అంటే ఇంట్రావర్ట్. ఆ మాట చదవగానే ఎంతో ఊరటగా అనిపించింది. మీటింగుల్లో నోరు పెగలకపోవడానికి, పెద్దవాళ్ల ముందు నా అభిప్రాయం గొంతులోనే ఆగిపోవడానికి ఒక కారణం దొరికినట్టయింది. తర్వాత ఏడాది పాటు ఆ అక్షరం వెనకే దాక్కున్నాను. ప్రెజెంటేషన్ ఇవ్వమంటే “నా వల్ల కాదండీ, నేను ఇంట్రావర్ట్‌ని” అన్నాను. రెండుసార్లు అలా అన్నాక మూడోసారి నన్నెవరూ అడగలేదు.

ఆ ఏడాదే మా అక్క కూతురి పెళ్లి. భోజనాలు అయిపోయి, అందరూ కుర్చీల్లో కూలబడిన వేళ నేనేదో మాటల్లో నా ఇంట్రావర్ట్ సంగతి చెప్పాను. అక్క నా ముఖంలోకి చూసి, “పొద్దుట్నుంచి బంతుల దగ్గర నిలబడి, వచ్చినవాళ్లందర్నీ వరసలు కలిపి పిలిచి కూర్చోబెట్టింది నువ్వే కదరా? కలివిడితనం లేనివాడు చేసే పనేనా అది?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ టెస్టు నన్ను అడిగిన డెబ్బై ఎనభై ప్రశ్నల కన్నా ఆ ఒక్క సంఘటన నా గురించి ఎక్కువ చెప్పింది.

అప్పటినుంచి నేను నాలుగైదు రకాల టెస్టులు రాశాను, టీమ్‌లోని పిల్లల చేత రాయించాను, ఇంట్లోవాళ్లతో కలిసి కూర్చుని చదివాను. ఈ టెస్టులు పనికొస్తాయనే నా నమ్మకం. అయితే ఒక షరతు మీద. ఏ స్కోరుకైనా మీ జీవితంలోంచి మూడు సంఘటనలు చూపించలేకపోతే ఆ స్కోరు కొట్టేయాలి. చూపించగలిగితే, మీకు కావలసిన సంగతి ఆ సంఘటనల్లోనే ఉంటుంది. కింద చెప్పే పద్ధతంతా ఈ ఒక్క షరతు చుట్టూ అల్లినదే. దీనికి కావలసింది వంద పేజీల నోటుబుక్కు, పెన్ను, సుమారు మూడు వారాల టైము.

మొదటి మెట్టు: ముందు మీ ప్రశ్న రాసుకోండి

టెస్టు పేజీ తెరవకముందే నోటుబుక్కు మొదటి పేజీలో ఒక ప్రశ్న రాయండి. “నేను ఎలాంటి మనిషిని?” అన్నది మరీ పెద్ద ప్రశ్న. దానికి వచ్చే జవాబూ అలాగే పొడుగ్గా, గాలివాటంగా ఉంటుంది. ఇప్పుడు మీ నెత్తిమీద ఉన్నదేమిటో రాయండి. “టీమ్ లీడ్‌గా చేస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?” “ఏ ఉద్యోగంలోనూ రెండేళ్లు దాటి ఎందుకు నిలవడం లేదు?” “ఆదివారం వస్తే చాలు, ఇంట్లో ఏదో ఒక గొడవ ఎందుకవుతోంది?” ఇలాంటివి.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయాలనిపించకపోవడం, బతుకు మీద విసుగు లాంటివి ఉంటే అది పర్సనాలిటీ టెస్టు తేల్చే విషయం కాదు. అప్పుడు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వం నడిపే టెలి మానస్ కౌన్సెలర్లు పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

రెండో మెట్టు: ఏ టెస్టు రాయాలి

మనవాళ్లలో ఎక్కువమందికి తెలిసింది నాలుగు అక్షరాల టెస్టే, ఎంబీటీఐ. దాని కథ ఆసక్తిగా ఉంటుంది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ 1921లో మనుషుల్లోని రకాల గురించి ఒక పుస్తకం రాశాడు. అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్ అనే ఆవిడ, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ దాన్ని పట్టుకుని, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ప్రశ్నాపత్రంగా మలిచే పని మొదలుపెట్టారు. ఆ ఇద్దరూ మనస్తత్వశాస్త్రంలో పట్టా ఉన్నవాళ్లు కాదు. యుద్ధం వల్ల కొత్తగా ఉద్యోగాల్లోకి వస్తున్న ఆడవాళ్లు ఎవరికి తగ్గ పని వాళ్లు వెతుక్కోవడానికి ఇది సాయపడాలన్నది ఇసబెల్ తపన. ఆ తపన మంచిదే. చిక్కు లెక్కలో ఉంది.

చిక్కేమిటంటే, అది మనుషుల్ని రెండు గదుల్లో కూర్చోబెడుతుంది. అయిదడుగుల ఆరంగుళాల దగ్గర గీత గీసి, దాటినవాళ్లంతా పొడుగు, దాటనివాళ్లంతా పొట్టి అన్నామనుకోండి. ఊళ్లో చాలామంది ఆ గీతకు అటూ ఇటూ రెండు మూడు అంగుళాల తేడాలోనే ఉంటారు. కలివిడితనమూ అంతే. ఎక్కువమంది నడుమనే ఉంటారు. అందుకే కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి ఏదో ఒక అక్షరం మారిపోతుంది. మనిషి మారలేదు, గీత పక్కనున్నవాడు ఇటునుంచి అటు ఒరిగాడంతే. ఇంకో మాట. ఇంటర్నెట్‌లో ఉచితంగా టెస్టు పెట్టే బొమ్మల సైట్లలో అవే అక్షరాలు కనిపించినా, అవి అసలు ఎంబీటీఐ కావు.

నేను సిఫారసు చేసేది బిగ్ ఫైవ్ టెస్టు. దాని పుట్టుక నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది భాషలోంచి పుట్టింది. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు పెద్ద ఇంగ్లిష్ నిఘంటువు ముందు పెట్టుకుని, మనిషి తీరును చెప్పే మాటలన్నీ ఏరారు. దాదాపు 18,000 తేలాయి. మనుషులకు ముఖ్యమైన తేడా ఏదైనా సరే భాషలో ఒక మాటగా మిగిలిపోతుందన్నది వాళ్ల ఆలోచన. మన తెలుగుతో ఆ పని చేస్తే ఎలా ఉండేదా అని నాకు తరచూ అనిపిస్తుంది. ముక్కుసూటి మనిషి, మొహమాటస్థుడు, చాదస్తుడు, మాటకారి, కంగారు మనిషి, నోట్లో నాలుక లేనివాడు... పదినిమిషాల్లో ఒక పేజీ నిండుతుంది. ఆ ఇంగ్లిష్ మాటల్లో ఏవేవి ఒకే మనిషిలో కలిసి కనిపిస్తాయో లెక్కలు కడుతూ పోతే, తర్వాతి దశాబ్దాల్లో అయిదు గుంపులు మిగిలాయి.

ఓపెన్‌నెస్ అంటే కొత్త ఊహలు, కొత్త అనుభవాల మీద మక్కువ. కాన్షియెన్షస్‌నెస్ అంటే పనిలో శ్రద్ధ, పద్ధతి, అన్న టైముకు చేసే గుణం. ఎక్స్‌ట్రావర్షన్ అంటే కలివిడితనం, చొరవ, హుషారు. అగ్రీయబుల్‌నెస్ అంటే ఎదుటివాళ్ల మాట మన్నించి సర్దుకుపోవడం. మన మొహమాటం దీనికి దగ్గరి చుట్టం. న్యూరోటిసిజం అంటే కంగారు, దిగులు, చిరాకు త్వరగా కలిగే తీరు. ఈ చివరి మాట వినగానే భయపడకండి, అది జబ్బు పేరు కాదు. కంగారు ఎక్కువున్నవాళ్లే బయల్దేరేముందు గ్యాసు కట్టేశామా లేదా అని మళ్లీ వెనక్కి వెళ్లి చూసి వస్తారు.

లూయిస్ గోల్డ్‌బర్గ్ అనే పరిశోధకుడు ఇలాంటి ప్రశ్నల్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఒకచోట చేర్చి పెట్టాడు. దాని పేరు ఐపిప్. ఆ ప్రశ్నలతో జాన్ జాన్సన్ అనే ప్రొఫెసర్ తయారుచేసిన 120 ప్రశ్నల ఐపిప్-నియో టెస్టు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీరు రాయాల్సింది అదే. ఒక్కో గుణానికి ఆరు చొప్పున ముప్ఫై చిన్న భాగాలుగా విడదీసి చెప్పడం దాని అసలు బలం. ఎందుకు బలమో కాస్త ఆగి చెబుతాను.

ఇంటర్ తర్వాత ఏం చదవాలి, ఏ రంగంలోకి వెళ్లాలి అన్నది ప్రశ్నయితే బిగ్ ఫైవ్ కన్నా జాన్ హాలండ్ అనే మనస్తత్వవేత్త చెప్పిన ఆసక్తుల పద్ధతి మేలు. చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపార చొరవ, లెక్కాపత్రం అని ఆరు వైపులుగా ఆసక్తిని కొలుస్తుంది. అమెరికా కార్మిక శాఖ పెట్టిన ఓనెట్ ఇంట్రెస్ట్ ప్రొఫైలర్ 60 ప్రశ్నల్లో ఇది తేలుస్తుంది, అదీ ఉచితమే. అందులో చూపించే ఉద్యోగాలు అక్కడివి కాబట్టి వాటిని పక్కనపెట్టి, ఆసక్తుల వరుస మాత్రం తీసుకోండి.

డిస్క్, ఎనియాగ్రామ్ లాంటి టెస్టులు ఆఫీసు ట్రైనింగుల్లో ఎదురవుతాయి. నలుగురి మధ్య మాట కలపడానికి పనికొస్తాయి. నిర్ణయాలు మాత్రం వాటి మీద పెట్టకండి.

మూడో మెట్టు: రాసేటప్పుడు

బస్సులో నిలబడి ఫోన్లో రాయొద్దు. ప్రమోషన్ వచ్చిన రోజు, ఇంట్లో గొడవైన రోజు అసలే రాయొద్దు. మామూలు రోజు, తిన్నాక, అరగంట ఎవరూ పిలవని చోట కూర్చోండి.

ప్రశ్నలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి ఒక్కొక్కదాన్నీ మీ ఇంటి తెలుగులోకి తెచ్చుకుని చదవండి. గోల్డ్‌బర్గ్ ప్రశ్నల్లో ఒకటి ‘పార్టీకి నేనే ప్రాణం’ అనే అర్థంలో ఉంటుంది. పార్టీ అనగానే మనలో చాలామందికి ఆఫీసు డిన్నరు గుర్తొస్తుంది, అక్కడ మూల నిలబడే మనిషి ‘కాదు’ అని కొట్టేస్తాడు. అదే మనిషి పెళ్లి ఇంట్లో, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఎలా ఉంటాడు? ఆఫీసు, ఇల్లు, ఊరు ఈ మూడింట్లో ఎక్కువగా ఎలా ఉంటారో ఆలోచించి గుర్తు పెట్టండి. మూడు చోట్లా మూడు రకాలుగా ఉంటే ఆ ప్రశ్న నోటుబుక్కులో ఎక్కించండి, తర్వాత పనికొస్తుంది.

రెండో తిరకాసు పోలికది. ‘నేను పద్ధతిగా ఉంటాను’ అన్న వాక్యానికి ఎవరితో పోల్చి జవాబివ్వాలి? చీర మడత దగ్గర్నుంచి డబ్బాల వరుస దాకా అన్నీ కొలిచినట్టు పెట్టే అమ్మ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లు తమకు అయిదుకు ఒకటి వేసుకుంటారు. హాస్టల్ గదిలో నలుగురు చిందరవందర మనుషుల మధ్య ఉన్నవాళ్లు అయిదు వేసుకుంటారు. మీ వయసు, మీ బాటలోవాళ్లు ఒక పాతికమందిని మనసులో పెట్టుకుని, వాళ్లతో పోల్చుకోండి.

ఒక్కో ప్రశ్న దగ్గర పది సెకన్ల కన్నా ఆగకండి. ఎలా ఉంటే బాగుంటుందో రాయకండి, ఎలా ఉన్నారో రాయండి. ఫలితం చూపించే ముందు ఫోన్ నంబరు అడిగే సైటైతే అక్కడితో ఆపేసి బయటికి రండి.

నాలుగో మెట్టు: స్కోరు చదవడం

లెక్క ఎలా కడతారో తెలిస్తే స్కోరంటే భయమూ పోతుంది, గుడ్డి నమ్మకమూ పోతుంది. ‘పనులు వెంటనే చేసేస్తాను’ అన్నదానికి అయిదుకు 4 వేశారనుకోండి, అది అలాగే కలుస్తుంది. ‘వస్తువులు ఎక్కడపడితే అక్కడ వదిలేస్తాను’ అన్నదానికీ 4 వేశారు. ఇది తిరగేసిన ప్రశ్న, కాబట్టి ఆరులోంచి నాలుగు తీసేస్తారు, 2 కలుస్తుంది. అన్నిటికీ అవును అవును అంటూ పోయేవాళ్లని పట్టుకోవడానికే ఇలా తిరగేసినవి మధ్యమధ్యలో పెడతారు.

తర్వాత వచ్చేది పర్సంటైల్. 70 వచ్చిందంటే నూటికి డెబ్బై మార్కులు కాదు. ముందే ఆ టెస్టు రాసినవాళ్లు వందమందిలో సుమారు డెబ్బైమంది కన్నా మీకు ఆ గుణం ఎక్కువని అర్థం. ఇందులో పాస్, ఫెయిల్ లేవు. పైగా ఆ వందమందిలో మనవాళ్లు తక్కువ, కాబట్టి 62కూ 68కీ తేడా వెతకొద్దు. అటు చివర 30 శాతంలోనో ఇటు చివర 30 శాతంలోనో పడ్డవాటిని మాత్రమే తీసుకోండి. నడుమ ఉన్నవాటి మీద టైము పెట్టకండి.

ఇప్పుడు ముప్ఫై భాగాల సంగతి. నాకు కలివిడితనంలో మొత్తం స్కోరు 45 వచ్చింది. అటూ కాదు, ఇటూ కాదు. కానీ భాగాలు విప్పి చూస్తే మనుషులతో స్నేహంగా ఉండటంలో 72, తన మాట గట్టిగా చెప్పడంలో 15. అక్కడ నాకు అక్క మాట గుర్తొచ్చింది. బంతుల దగ్గర నిలబడినవాడూ, మీటింగులో నోరు పెగలనివాడూ ఇద్దరూ నేనే. ఆ రెంటినీ కలిపి ఒకే అక్షరం కింద కట్టేయడం వల్ల ఏడాది పోగొట్టుకున్నాను. నా ఇబ్బంది మనుషులతో కాదు, మనుషుల ముందు నా పక్షాన మాట్లాడటంతో.

అయిదో మెట్టు: స్కోరు పక్కన సంఘటన

ఇది అసలు పని. ఇక్కడ తొందరపడకండి, కనీసం వారం పెట్టుకోండి.

ఎందుకు కావాలో ముందు చెబుతాను. 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు తన విద్యార్థులు 39 మందికి ఒక టెస్టు పెట్టి, వారం తర్వాత ఒక్కొక్కరికీ ‘నీ వ్యక్తిత్వం ఇదీ’ అని ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో అయిదుకు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చిన కాగితం ఒకటే, అందులో వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. ‘పైకి ధైర్యంగా కనిపిస్తారు గానీ లోపల కంగారు ఉంటుంది’ అంటే ఎవరు కాదనగలరు? ఉగాదినాడు పంచాంగంలో మన రాశి చదువుతుంటే తలూపినట్టే, టెస్టు రిపోర్టు చదువుతూ తలూపుతాం. తల ఊగినంత మాత్రాన నిజం కాదు. సంఘటన అడిగితే మాత్రం అది ఉందో లేదో తేలిపోతుంది.

పద్ధతి ఇది. చివరల్లో పడ్డ నాలుగైదు భాగాలు తీసుకోండి, ఒక్కోదానికి ఒక పేజీ. గత ఆరునెలల్లో జరిగినవి మూడు సంఘటనలు రాయండి. ఎక్కడ, ఎవరు ఉన్నారు, ఏమన్నారు, నేనేం చేశాను, తర్వాత ఏమైంది. ‘నేనెప్పుడూ అంతే’ అనే వాక్యం రాయకూడదు. ఆ కింద, స్కోరుకు ఎదురు నిలిచే సంఘటన ఒక్కటైనా వెతికి రాయాలి. నా పేజీ ఒకటి ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

గుణం: నా మాట గట్టిగా చెప్పడం. స్కోరు 15.

ఒకటి. డిసెంబరు, సోమవారం మీటింగు. రిలీజ్ 20న అన్నారు. 27కి గానీ అవదని నాకు తెలుసు. పక్కనున్న సీనియర్ తలూపాడు, నేనూ తలూపాను. ఆ వారంలో మూడు రాత్రులు టీమంతా మేల్కొని చేశాం.

రెండు. బాబాయి కొడుకు ఫోన్. ఇరవై వేలు చేబదులు కావాలన్నాడు. అకౌంట్లో ఉన్నది ఇంటి కిస్తీ డబ్బు. ఫోన్ పెట్టేలోపే “సరేలే, పంపిస్తా” అన్నాను. ఆ నెల కిస్తీకి నేను ఇంకొకరి దగ్గర తీసుకున్నాను.

మూడు. అపార్ట్‌మెంట్ మీటింగు. నీళ్ల ట్యాంకర్ల ఖర్చు అందరికీ సమానంగా వేశారు. మేము నెలంతా ఊళ్లో లేము. అక్కడ ఏమీ అనలేదు, ఇంటికొచ్చి నా భార్య దగ్గర గంటసేపు సణిగాను.

ఎదురు సంఘటన. జనవరి. కొత్తగా చేరిన అమ్మాయి మీదికి తప్పు నెట్టబోతుంటే, అదే గదిలో, అదే సీనియర్ ముందు, “ఆ కోడ్ నేను చూశాకే వెళ్లింది సార్, అందులో నా తప్పూ ఉంది” అన్నాను. గొంతు వణకలేదు.

ఈ నాలుగూ ఒకే పేజీలో పడేసరికి నాకు చాలాసేపు లేవబుద్ధి కాలేదు. స్కోరు ‘తక్కువ’ అంది. పేజీ ఇంకా కచ్చితంగా చెప్పింది: నష్టం నాదైతే నోరు రాదు, పక్కవాళ్లదైతే వస్తుంది. ఏ టెస్టూ ఇంత సూటిగా చెప్పలేదు. కానీ ఆ 15 చూడకపోతే ఈ పేజీ రాసేవాణ్ణీ కాదు.

కొన్ని పేజీలు ఖాళీగా ఉండిపోతాయి. నాకు ‘సాహసాల మీద మోజు’ బాగా ఎక్కువని వచ్చింది. వారం వెతికినా ఒక్క సంఘటన దొరకలేదు. బహుశా అలా ఉండాలన్న కోరికతో రాసి ఉంటాను. ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టేశాను. మీరూ అలాగే కొట్టేయండి.

ఆరో మెట్టు: ఇంకో ముగ్గురిని అడగండి

మన గురించి మనకే అన్నీ తెలుస్తాయనుకుంటాం. సిమిన్ వజీర్ అనే పరిశోధకురాలు 2010లో చేసిన పరిశీలన ఈ విషయంలో బాగా ఉపయోగపడుతుంది. లోపలి కంగారు, దిగులు లాంటివి మనకే బాగా తెలుస్తాయి. తెలివితేటలు, సృజన లాంటి, మంచిచెడ్డల ముద్ర పడే విషయాల్లో మాత్రం మన అంచనా కన్నా స్నేహితుల అంచనా ఎక్కువ సరిపోయింది. కాబట్టి కంగారు సంగతి మీ పేజీని నమ్మండి. మిగతావాటికి పక్కవాళ్ల సాక్ష్యం తెచ్చుకోండి.

సైన్యంలో ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ పరీక్షల్లో ఈ పని ఎప్పటినుంచో ఉంది. అభ్యర్థి తన గురించి రాయాలి, దాంతోపాటు అమ్మానాన్నలు తన గురించి ఏమనుకుంటారో, టీచర్లు లేదా పైఅధికారులు ఏమనుకుంటారో, స్నేహితులు ఏమనుకుంటారో, తాను ఎలాంటి మనిషి కావాలనుకుంటున్నాడో విడివిడిగా రాయాలి. మీరు సైన్యంలోకి వెళ్లకపోయినా ఒక సాయంత్రం కూర్చుని ఆ అయిదు పేరాలూ రాయండి. ఆ తర్వాత ఊహించుకోవడం ఆపి, నిజంగా వెళ్లి అడగండి.

“నేనెలాంటివాణ్ణి?” అని అడిగితే “బంగారంలాంటివాడివి” అంటారు, అక్కడితో అయిపోతుంది. ఇలా అడగండి: “నాతో కొత్తగా పనిచేసేవాళ్లకి నువ్వు ఒక్క జాగ్రత్త చెప్పాలంటే ఏం చెబుతావు?” ఇంట్లో అయితే, “నేను ఏం చేసినప్పుడు నీకు విసుగొస్తుంది?” నేను అమ్మని అడిగాను. నాకు కోపం స్కోరు బాగా తక్కువ వచ్చిందని, ఆ సంతోషంలో ఉన్నాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే, “నీకు కోపం లేదని ఎవరన్నారు నాన్నా? నువ్వు అరవవు, నిజమే. పలకవు. చిన్నప్పట్నుంచీ అంతే, రెండ్రోజులు పలకవు. మీ నాన్న అరిచేసి మర్చిపోయేవారు, అదే నయం” అంది. ప్రశ్నాపత్రంలో కోపం పట్టలేకపోవడం గురించి ఉంది, పలకకపోవడం గురించి నన్నెవరూ అడగలేదు. ఆ పేజీ మళ్లీ రాసుకున్నాను.

వాళ్లు చెబుతున్నంతసేపు అడ్డుపడి మీ వైపు వాదన చెప్పకండి. ఒక్కసారి వాదిస్తే రెండోసారి నిజం చెప్పరు.

ఏడో మెట్టు: నెలకు ఒక్క మార్పు

ఇప్పుడు మొదటి పేజీలో రాసిన ప్రశ్న దగ్గరికి వెళ్లండి. మీ సంఘటనల్లో మళ్లీ మళ్లీ కనిపించే ఒక్క చోటు పట్టుకుని, ఒక్క చిన్న మార్పు రాసుకోండి. ‘ధైర్యంగా ఉండాలి’ లాంటిది పనికిరాదు. ఎప్పుడు, ఏం చేయాలి అన్నది అందులో ఉండాలి.

నేను నెలకొకటిగా రాసుకున్నవి రెండు. డబ్బు గానీ టైము గానీ ఎవరడిగినా ఫోన్లోనే ఒప్పుకోకుండా “రేపు పొద్దున చెబుతాను” అనడం. మీటింగులో తేదీ తప్పనిపిస్తే ‘నాకు కష్టం’ అనకుండా, “ఈ తేదీ పెడితే టీమ్ మూడు రాత్రులు మేల్కోవాలి” అనడం. పక్కవాళ్ల కోసమైతే నా నోరు వస్తుందని తెలిసింది కాబట్టి, ఆ దారిలోంచే బయటికి వచ్చాను. మొదటిసారి అన్నప్పుడు ఎవరూ కోప్పడలేదు. తేదీ నాలుగు రోజులు జరిగింది. స్వభావానికి ఎదురీదే బదులు, దాని వాలులోనే దారి వెతుక్కోవడం నాకు ఎక్కువ పనిచేసింది.

మీ సంగతి వేరుగా ఉండొచ్చు. పద్ధతి స్కోరు తక్కువై పనులు చివరి నిమిషం దాకా సాగే మనిషికి, పెద్ద పనికి ముందు చిన్న గడువు ఇంకొకరికి చెప్పి పెట్టుకోవడం పనిచేస్తుంది. కంగారు ఎక్కువున్నవాళ్లు పడుకునేముందు రేపటి భయాలు కాగితం మీద పెట్టి, వాటిలో తమ చేతిలో ఉన్నదానికి మాత్రం గీత గీసుకోవచ్చు.

ఇంట్లో ఇది ఎలా పనిచేస్తుందో ఒక్క ఉదాహరణ. నా భార్యకు పద్ధతి స్కోరు 90 పైన, నాది 40. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతికి ఊరెళ్లాలంటే ఆమె ఆ రోజు ఉదయం ఎనిమిదికి ముందే ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. నేను ‘ఏదో ఒక బస్సు దొరుకుతుందిలే’ రకం. ఏళ్ల తరబడి దాన్ని నేను చాదస్తం అన్నాను, ఆమె బాధ్యత లేకపోవడం అంది. రెండు స్కోర్లూ పక్కపక్కన పెట్టుకుని, ఆరు సంఘటనలు రాసుకున్నాక పని పంచుకున్నాం. టిక్కెట్లు, బ్యాగులు ఆమె చూస్తుంది, నేను నోరెత్తకూడదు. ఊరెళ్లాక ఏ రోజు ఎటు అన్నది నేను చూస్తాను, ఆమె ప్లాను అడగకూడదు. గొడవ పూర్తిగా పోలేదు గానీ ‘నువ్వు ఇలాంటిదానివి, నువ్వు అలాంటివాడివి’ అన్న మాటలు ఆగాయి.

ఉద్యోగానికి టెస్టు పెడితే

ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: “ఏం రాస్తే తీసుకుంటారు అన్నా?” ఎంబీటీఐ అమ్మే కంపెనీయే దాన్ని ఉద్యోగాల ఎంపికకు వాడొద్దని చెబుతుంది. బిగ్ ఫైవ్ సంగతి కాస్త వేరు. 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు పాత పరిశోధనలెన్నో కలిపి చూసి, పనిలో శ్రద్ధ అనే గుణానికి అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో సంబంధం ఉందని తేల్చారు. ఆ సంబంధం ఒక మోస్తరుదే. ఒక మనిషి గెలుస్తాడో ఓడుతాడో చెప్పేంత బలమైనది కాదు.

అబద్ధం రాయొద్దనే నా సలహా. ఒకే సంగతిని నాలుగు రకాలుగా తిప్పి అడుగుతారు, పొంతన కుదరకపోతే తెలిసిపోతుంది. ఎస్ఎస్‌బీలో అయితే 60 మాటలు ఒక్కొక్కటి 15 సెకన్లు చూపించి వాక్యం రాయమంటారు, కట్టుకథ అల్లే వ్యవధే ఉండదు. అంతకన్నా పెద్ద కారణం ఇంకోటి. లేని గుణం రాసి ఉద్యోగం తెచ్చుకుంటే, రోజూ ఎనిమిది గంటలు ఆ గుణాన్ని నటించాల్సింది మీరే. మీ నోటుబుక్కు సంఘటనలు ఇంటర్వ్యూలోనూ పనికొస్తాయి. “మీ బలహీనత ఏమిటి?” అన్న ప్రశ్నకు బట్టీపట్టిన జవాబు చెప్పే వరుసలో, జరిగిన సంగతి ఒకటి, దానికి మీరు చేసుకున్న మార్పు ఒకటి చెప్పేవాళ్లు వేరుగా వినిపిస్తారు.

టీమ్‌ను నడిపేవాళ్లకూ ఒక మాట. మీ దగ్గరివాళ్ల ఫలితాలు వాళ్లు చూపిస్తేనే చూడండి. ఒకరి స్కోరును మరొకరి ముందు ఎత్తకండి. పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పదహారేళ్ల పిల్లాణ్ణి చుట్టాల ముందు “మావాడు ఇంట్రావర్టండీ” అని పరిచయం చేస్తే, వాడు నాలాగే ఆ మాట వెనక దాక్కుంటాడు.

ఏడాది తర్వాత మళ్లీ

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పరిశోధనలు అంత గట్టిగా అనడం లేదు. బ్రెంట్ రాబర్ట్స్ అనే పరిశోధకుడి బృందం 2006లో దీర్ఘకాలపు అధ్యయనాలు కలిపి చూస్తే, వయసు పెరిగేకొద్దీ సగటున మనుషుల్లో శ్రద్ధ పెరుగుతోంది, కంగారు తగ్గుతోంది, ముఖ్యంగా ఇరవైకీ నలభైకీ మధ్య. మార్పు నెమ్మది, కానీ ఉంది. అందుకే వారం వారం టెస్టు రాయొద్దు. ఏడాదికోసారి, అదే టెస్టు, అలాంటి మామూలు రోజే చూసుకుని రాయండి. పాత స్కోర్లు ముందు చూడకండి.

రెండో ఏడాది నా ‘గట్టిగా చెప్పడం’ స్కోరు 15 నుంచి 24కి వచ్చింది. అంకెగా చూస్తే పెద్ద తేడా కాదు, ఇంకా కింది 30 శాతంలోనే ఉన్నాను. పేజీలో మాత్రం ఎదురు సంఘటనల వైపు అయిదు ఎక్కాయి. వాటిలో ఒకటి అపార్ట్‌మెంట్ మీటింగు. ట్యాంకర్ల ఖర్చు మళ్లీ సమానంగా వేయబోతుంటే, పైఅంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దాయన వైపు చూసి, “వాడకం బట్టి వేద్దామండీ, మాస్టారు ఒక్కరే ఉంటారు” అన్నాను. ఆయన కోసం అన్న మాటే అది. రాసుకునేటప్పుడు ఆ కింద ఇంకో వాక్యం కలిపాను: మా నెల బిల్లు కూడా తగ్గింది.